ఎన్ని అని అడగకూడదు

పోయిన వారం మన సెతున్య ఒకే ఒక్క ప్రశ్నతో ఇంటిల్లిపాదినీ నెత్తిన చేతులు పెట్టుకునేలా చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పత్రికని పక్కింటివాళ్ళు పట్టుకుపోయి తిరిగివ్వని అభాగ్యుల కోసం నాలుగు ముక్కల్లో మళ్ళీ చెబుతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

సెతున్య మొలెపొలోలే ఊరి బళ్ళో లెక్కల టీచరుగా ఉండేది. సర్కారు ఉద్యోగం, కదిలించేవాడు లేడు. దాన్ని వదిలేసి రాజధాని గాబొరోనేలో ఒక కంపెనీలో ఆర్థిక సలహాదారుగా చేరింది. ఎందుకంటే, తనతో పాటు పాఠాలు చెప్పిన పెద్ద టీచరమ్మ రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్మంతా ఏడాది తిరక్కుండా కారుకీ, కొడుకుల షోకులకీ, చుట్టాల పెళ్ళిళ్ళకీ హారతి కర్పూరమైపోయింది. ఇప్పుడావిడ అదే బడి గేటు ముందు వేరుశనక్కాయల బుట్ట పెట్టుకుని కూర్చుంటోంది. "ఆవిణ్ణి ముందే కూర్చోబెట్టి మంచీ చెడ్డా చెప్పే మనిషి ఒక్కరుంటే ఈ గతి పట్టేది కాదు. ఆ చెప్పే మనిషిని నేనవుతా" అని సెతున్య పట్టుబట్టింది.

పట్టుదల మంచిదే. కానీ కంపెనీవాళ్ళు మూడు నెలలు పరీక్ష పెట్టారు. సోమవారంతో గడువు ఆఖరు. ఈలోగా ఒక్క మనిషి చేతైనా సంతకం పెట్టించి డబ్బు జమ చేయించకపోతే కుర్చీ ఖాళీ చెయ్యాల్సిందే. ఆఫీసు పెద్ద లెకోకో గారు నీలం సూటు, నున్నటి గుండు, మాటకి ముందో చిరునవ్వు. "ఆవుకి రోగమొస్తుంది, కాగితానికి రాదు" అనేది ఆయన తారకమంత్రం. పశువుల్ని నమ్ముకున్నవాళ్ళు పాతకాలం మనుషులని ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలిస్తాడు. శనివారం మాత్రం గోల్ఫ్. ఆ రోజు ఆకాశం విరిగి మీద పడ్డా ఫోనెత్తడు.

"మీ మేనమామకి పెద్ద మంద ఉందటగా అమ్మాయ్? సగం అమ్మించి మన పథకంలో పెట్టించు. ఫారంలో మొదటి గడి, మొదటి ప్రశ్న, మొత్తం ఎన్ని పశువులు? మొహమాటపడకుండా అడుగు" అని ఆయనే నూరిపోశాడు.

ఈ పిచ్చిది అడిగేసింది! అదీ ఎప్పుడు? మేనమామ ఒదిరిలే కొడుకు బకాంగ్‌కి పెళ్ళి కుదిరి, పిల్లకి ఓలిగా ఇచ్చే పశువుల మాట ముగించుకుని, పిల్ల తరపు పెద్దలు ముంగిట్లో కూర్చుని భోంచేస్తున్నప్పుడు. మా వైపు మగాణ్ణి జీతమెంతని అడగొచ్చు, వయసెంతని అడగొచ్చు, ఇంట్లో భార్యతో పడుతోందా అని కూడా అడగొచ్చు. నీకెన్ని పశువులున్నాయని మాత్రం ఎవరూ అడగరు. దిష్టి తగులుతుందని కొందరు, సిగ్గుమాలిన మాటని కొందరు. పుట్టి బుద్ధెరిగిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. సెతున్యకీ తెలుసు. కానీ సోమవారం భయం బుద్ధిని మింగేసింది. పిల్ల తరపువాళ్ళు నమలడం ఆపి చెవులు రిక్కించారు. ఒదిరిలే గిన్నె పక్కన పెట్టి లేచాడు. టోపీ తీసుకుని, పికప్పెక్కి, ఊరికి దూరంగా ఇసకలో పశువులుండే తన మొరాకాకి వెళ్ళిపోయాడు. మర్నాడు పిల్లవాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఎనిమిది అనుకున్నాం గానీ, మీకంత మంద ఉన్నప్పుడు పది చేస్తే నిండుగా ఉంటుందని.

అక్కడ ఆగాం.

*

శనివారం పొద్దున్నే సెతున్య సంచీ సర్దుకుంటుంటే తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి ప్రయాణం?"

"మొరాకాకి. మావయ్య దగ్గరికి."

"ఏం, ఇంకా ఏమన్నా అడగడం మిగిలిపోయిందా? నోట్లో పళ్ళెన్నున్నాయో లెక్కపెట్టొస్తావా?"

"క్షమించమని అడిగొస్తానమ్మా."

"క్షమించమనడానికి కాగితాల సంచీ ఎందుకే?"

సెతున్య సంచీని వెనక్కి జరిపింది. తల్లి కాసేపు ఆమె మొహంలోకి చూసి, నిట్టూర్చి, వంటింట్లోకి వెళ్ళి ఒక టీ పొడి పొట్లం, పంచదార, చిన్న నశ్యం డబ్బా తెచ్చి సంచీలో కుక్కింది.

"నశ్యం ముందు చేతిలో పెట్టు. నోరు తర్వాత విప్పు. తిడితే తిట్టించుకో. మీ నాన్న పోయినప్పుడు మన పొయ్యి ఆరిపోకుండా చూసింది నా తమ్ముడే, అది మర్చిపోకు. వాడికి నీ మీద కోపం నిలవదే. వాడి బాధేదో వేరే ఉంది. అడిగితే నాకు చెప్పి చావడు."

"ఏం బాధమ్మా?"

"తెలిస్తే నేనే వెళ్ళి తీర్చనూ? ఫో, బస్సు పోతుంది."

బస్సులో సగం దూరం, ఒక మేకల బేరగాడి పికప్ వెనక మేకల మధ్య ఇంకొంత దూరం, ఆఖర్న ముళ్ళపొదల మధ్య కాళ్ళు దిగబడే ఇసకలో నడక. మొరాకా చేరేసరికి ఎండ నడినెత్తి మీదుంది. కాపరి సెలవు మీద ఊరెళ్ళాడు. ఒదిరిలే ఒక్కడే బోరు దగ్గర డీజిలింజను విప్పి పెట్టుకుని మోచేతుల దాకా నూనెతో కూర్చున్నాడు. ఎండుకట్టెలాంటి పొడుగు మనిషి, నెరిసిన మీసం. నవ్వొస్తే మీసం కింద దాచేసుకునే అలవాటు.

"దుమెలా మావయ్యా" అని పలకరించింది.

ఒదిరిలే తల ఎత్తలేదు. "దుమెలా. ఎవరూ, జనాభా లెక్కలవాళ్ళా? పోయినేడే వచ్చి రాసుకెళ్ళారే!"

"నేను మావయ్యా, సెతున్యని."

"ఓహో, పశువుల లెక్కలవాళ్ళు! ఆ శాఖ వేరే. మరి తాసిల్దారుని వెంటబెట్టుకు రాలేదే?"

సెతున్య మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో నశ్యం డబ్బా ముందుకు చాపింది. ఒదిరిలే దాన్ని చూశాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. డబ్బా తీసుకుని, మూత తిప్పి, వాసన చూసి, తృప్తిగా తుమ్మాడు. ఆ తుమ్ముతో సగం కోపం పోయిందని ఆమెకి తెలుసు. ఆ మిగతా సగం గురించే భయం.

"తప్పయింది మావయ్యా. అందరి ముందూ నీ తల వంచాను. బకాంగ్ పెళ్ళికి ఇంకో రెండు పశువుల బరువు తెచ్చిపెట్టాను. నన్ను కొట్టినా పడతాను."

"కొట్టే వయసా నీది? ఆ వయసులో కొట్టాల్సింది, ముద్దు చేసి చెడగొట్టా. సరేగానీ, ఆ ప్రశ్న అంత నిలువునా అడగమని నీకు నేర్పిన మహానుభావుడెవరు?"

"మా ఆఫీసు పెద్దాయన. లెకోకో గారని. ఆయనకి పశువుల సంగతులేం తెలియవులే మావయ్యా, పట్నం మనిషి."

ఒదిరిలే చేతిలో స్పానరు ఆగిపోయింది. "ఏం పేరన్నావ్?"

"లెకోకో. గుండు ఉంటుంది. ఆవుకి రోగమొస్తుంది, కాగితానికి రాదు అంటుంటాడు."

అంతే. ఆ మనిషికి నవ్వొచ్చింది. మీసం కింద దాగే నవ్వు కాదు. భుజాలు కదిలిపోయి, దగ్గొచ్చి, కళ్ళ నీళ్ళొచ్చి, నూనె చేతులతోనే మొహం తుడుచుకుని మసి పూసుకునేంత నవ్వు. సెతున్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎందుకు మావయ్యా, ఎందుకు అని అడిగితే చెయ్యి ఊపి, "ఏం లేదు, ఏం లేదు. కాగితానికి రోగం రాదా! బాగా చెప్పాడు" అని మళ్ళీ మొదలెట్టాడు. కోపం పూర్తిగా పోయినందుకు ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కారణం ఏదైతేనేం అనుకుంది.

*

పొయ్యి మీద జొన్న సంకటి ఉంది. తిత్తిలోంచి పులిసిన పాలు తీసి, దాని మీద ధారాళంగా పోసి పెట్టాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడల్లా అలాగే తినేవాళ్ళు. అప్పుడు మీగడంతా ఆమె వైపు తోసేవాడు, ఇప్పుడూ అంతే. 

తిన్నాక ఒదిరిలే చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ కాగితం తియ్యి."

"ఏ కాగితం?"

"నా దగ్గర నాటకాలా? సోమవారం నీ కుర్చీ సంగతేదో తేలిపోతుందట కదా, మీ అమ్మ కబురు పంపింది. సంతకం ఎక్కడో చూపించు, పెట్టేస్తా. పశువుల్ని వచ్చే వారం వేలానికి తోలిస్తా. వచ్చిన పులాల సొమ్ము ఎక్కడ కట్టమంటే అక్కడ కడతా."

సెతున్య చెయ్యి సంచీ మీదికి వెళ్ళింది. మూడు నెలలుగా ఈ మాట కోసమే ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగింది! టైలరమ్మ, టాక్సీ డ్రైవరు, పాత స్కూలు టీచర్లు, అందరూ టీ ఇచ్చి పంపేశారు. ఇప్పుడు అడక్కుండానే వరం చేతికొచ్చింది. కాగితం తీసి ఇస్తే సోమవారం తలెత్తుకుని ఆఫీసుకి వెళ్ళొచ్చు. వేళ్ళు జిప్పు దాకా వెళ్ళాయి. అక్కడే ఆగాయి.

"ఎందుకు పెడతావ్ మావయ్యా? ఆ పథకమేంటో నీకు తెలీదుగా."

"నువ్వు తెలుసుగా నాకు. చాలదూ?"

"చాలదు. ఏమున్నాయో తెలియకుండా ఎంత పెట్టాలో చెప్పకూడదు. అదీ మా పనిలో మొదటి పాఠం."

"మళ్ళీ అదే ప్రశ్న దగ్గరికొచ్చావూ!"

"అడగను. ఒట్టు. నేను ఇంకోటి అడుగుతా."

అప్పటికి ఇంజను బాగయింది. దబ దబమని మోత మొదలుపెట్టి తొట్టిలోకి నీళ్ళు కక్కింది. ఆ చప్పుడికే పొదల్లోంచి పశువులు బారులు తీరి వచ్చాయి. గంటలు, అంబారావాలు, ఎర్రటి దుమ్ము. కర్రివి, బొల్లివి, పుల్లవి, కపిలవి. ఒదిరిలే దొడ్డి గేటు దగ్గర నిలబడి కొన్నిటిని ముందు వదిలాడు, కొన్నిటిని కర్రడ్డం పెట్టి ఆపాడు. తడి ముక్కుల దేవుళ్ళని మా పెద్దలు ఊరికే అన్లేదు. నీళ్ళు తాగే పశువుని చూస్తే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది.

"ఆ కర్రి ఆవు ఎవరిది మావయ్యా?" అని అడిగింది సెతున్య.

ఒదిరిలే చటుక్కున తిరిగి చూశాడు. ఎన్ని అని కాదు, ఎవరిది అని. ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"చెవి చూడు. ముందు పక్క చిన్న గాటుందా? ఆసుపత్రి నర్సమ్మది. మొగుడు పోయాక తోలుకొచ్చి నా దగ్గర వదిలింది. పాలు నేను తాగుతా, దాని కోడెల్ని నాగలికి కట్టుకుంటా. ఎప్పుడన్నా ఒక దూడ నాకిస్తుంది."

"ఆ రెండు బొల్లివి?"

"పాత పోస్టుమాస్టరువి."

"అక్కడ కొమ్ము విరిగింది?"

"అది ప్రార్థన మందిరం ఆడవాళ్ళది. వాళ్ళంతా చందాలేసుకుని కొన్నారు. దాని చెవి జోలికెవరన్నా వెళితే నన్ను పాటలు పాడి చంపుతారు."

ఇలా ఒకరివి ఒకరు మేపడాన్ని మాఫీసా అంటారు, మా దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. అయితే మావయ్య నలుగురికీ మాఫీసాకి ఇచ్చే ఆసామి అనే సెతున్య ఇన్నేళ్ళూ అనుకుంది. పుచ్చుకుని మేపే మనిషని కల్లో కూడా అనుకోలేదు. ఊరంతా అలాగే అనుకుంటోంది. పిల్ల తరపువాళ్ళూ అదే అనుకునే ఇంకో రెండు అడిగారు.

"మరి నీవి ఏవి మావయ్యా?"

 ఒదిరిలే అడ్డం పెట్టిన కర్ర తీశాడు. అందరివీ తాగి తప్పుకున్నాక, ఇందాకట్నుంచి గేటవతల ఓపిగ్గా నిలబడ్డవి, అప్పుడు తొట్టి దగ్గరికొచ్చాయి.

"ఇవి" అన్నాడు.

సెతున్య లెక్కల టీచరు. కళ్ళు వాటంతట అవే లెక్కపెట్టబోయాయి. ఆమె చటుక్కున మొహం పక్కకి తిప్పేసుకుంది. అయినా తెలిసిపోయింది. బకాంగ్ ఓలికి తోలితే దొడ్లో నాలుగు కూడా మిగలవు. ఆ రోజు ముంగిట్లో మావయ్య ఎందుకు లేచి వెళ్ళిపోయాడో, ఆ మౌనం ఎంత బరువో, అప్పుడు ఆమెకి గుండెలో గుచ్చుకుంది. ఆమె అడిగింది మర్యాద తప్పిన ప్రశ్నే కాదు, జవాబు చెబితే ఆ మనిషి పరువే పోయే ప్రశ్న.

"వానలు మొహం చాటేసిన ఏడు కొన్ని పోయాయి" అన్నాడు ఒదిరిలే, నీళ్ళ వైపు చూస్తూ. "బోరు ఎండింది. లోతు చేయించడానికి కొన్ని అమ్మా. నావి చస్తే నేనేడుస్తా, సరిపోతుంది. నమ్మి వదిలినవాళ్ళవి చస్తే ఏం మొహం పెట్టుకుని ఊళ్ళోకెళ్ళను?"

"మరి ఇందాక సంతకం పెడతానన్నావే! ఏం అమ్ముదామని?"

"ఓలికి పోగా మిగిలినవి ఉన్నాయిగా."

"అవీ అమ్మేసి?"

"నీ కుర్చీ నిలబడుతుందిగా. ఎక్కడన్నా మన పిల్ల ఒకత్తి నిలబడాలి కదే!"

ఇక ఆపుకోవడం సెతున్య వల్ల కాలేదు. గేటు కర్ర పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఒదిరిలేకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఈనలేని ఆవుకి పురుడు పొయ్యమంటే పోస్తాడు గానీ, ఏడ్చే ఆడపిల్లని ఊరుకోబెట్టడం రాదు. నూనె గుడ్డ ఇచ్చాడు. ఆమె దాంతోనే మొహం తుడుచుకుని ఇంత మసి పూసుకుంది.

"సంతకం పెట్టొద్దు మావయ్యా" అంది, ఎక్కిళ్ళ మధ్య. "ఉన్నవి అమ్మొద్దు. పిల్లవాళ్ళతో అమ్మ మాట్లాడుతుంది. మొదటి మాట ఎనిమిదే, దానిమీదే నిలబడాలి. తప్పు నాదని నేనొచ్చి వాళ్ళ కాళ్ళ మీద పడతా. మిగిలిన ఆవులు ఈనేదాకా ఒక్కటి కూడా వేలానికి పోకూడదు. ఇది నా సలహా. నా మొదటి సలహా."

"నీకొచ్చే కమిషనో?"

"రాదు."

"కుర్చీ?"

"పోతుంది."

"మరి ఇదేం సలహాదారువే? నీ కాలు నువ్వే నరుక్కునేదానివి!"

"అలా నరుక్కోవాల్సొస్తే నరుక్కునేవాళ్ళే సలహాదార్లు మావయ్యా. కానివాళ్ళు బేరగాళ్ళు."

ఒదిరిలే ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నశ్యం డబ్బా తీసి, ఒక చిటికెడు ఆమెకి కూడా చాపాడు. పెద్దవాళ్ళకి చాపినట్టు.

ఆమె పుచ్చుకోలేదు. ఇంకో మాట మిగిలిపోయింది. "ఒకటి చెప్పు. నీకే ఏదన్నా అయితే, ఏ చెవి ఎవరిదో ఇంకెవరికి తెలుసు?"

"నాకేమవుతుంది? రాయిలా ఉన్నా."

"రాయి పగలదా?"

"కాపరికి కొన్ని తెలుసు..."

"బకాంగ్‌కి?"

"వాడా! వాడికి ఆవుకీ ఎద్దుకీ తేడా తెలిస్తే పెళ్ళాం అదృష్టం."

"అప్పుడు నర్సమ్మ కర్రి ఆవు ఎవరి దొడ్లోకి పోతుంది మావయ్యా? మందిరం ఆడవాళ్ళు ఎవర్ని పట్టుకుంటారు? బకాంగ్ అన్నీ మావేనంటాడు, వాడి తప్పు కూడా కాదు, వాడికి తెలీదు. ముప్పయ్యేళ్ళు నువ్వు కాపాడిన మాట ముప్పయ్ రోజుల్లో కోర్టుకెక్కుతుంది."

 ఒదిరిలే ఇంజను ఆపాడు. మోత ఆగిపోయేసరికి మంద ఊపిరి కూడా వినపడింది. ఇన్నేళ్ళలో తనకి తట్టని సంగతి అది. రాత్రిళ్ళు చిరుతపులి గురించి భయపడ్డాడు, కరువు గురించి భయపడ్డాడు, దొంగల గురించి భయపడ్డాడు. తన తలకాయ గురించి ఎప్పుడూ భయపడలేదు.

"ఎప్పుడు ఇంత పెద్దదానివైపోయావే?" అన్నాడు మెల్లగా. "సరే. ఇట్రా. ముందు చూడు, తర్వాత రాసుకో. ఒక్కో చెవీ చూపిస్తా. నేను పోయాక నువ్వు చెప్పిందే మాట. సరేనా?"

"ఫీజవుతుంది."

"ఎంతేం?"

"గిన్నెడు పులిసిన పాలు. మీగడతో."

"దోపిడీ!" అన్నాడు మేనమామ. ఈసారి నవ్వు మీసం కిందే ఉంది.

*

ఎండ వాలేదాకా ఇద్దరూ మందలో తిరిగారు. అతను చెవి పట్టుకుని చూపించడం, ఆమె పేరు చెప్పడం. తప్పు చెబితే నెత్తి మీద ఒక మొట్టికాయ. సోమవారం దిగులు సెతున్యని వదల్లేదు. కానీ దాని పక్కనే ఇంకేదో కూడా ఉంది. మూడు నెలల్లో ఈ ఒక్క మధ్యాహ్నమే తను ఎంచుకున్న పని తను చేసింది. ఇంకో ఆఫీసు చూసుకుంటా, లేకపోతే టీచరమ్మ పక్కన ఇంకో బుట్ట పెట్టుకుని, వచ్చేవాళ్ళందరికీ ఉచితంగా చెబుతా అనుకుంది.

ఆఖరికి ఒక గుంపు మిగిలింది. మందలోకల్లా బలిసినవి, చూడముచ్చటైనవి. అన్నిటి చెవులూ పాము నాలుకలా కొస రెండుగా చీలి ఉన్నాయి.

"ఇవెవరివి? సగం మంద ఇవే ఉన్నాయి!"

"అది చెప్పను."

"మావయ్యా!"

"మాటిచ్చా. పట్నంలో పెద్దమనిషి. కట్టుకున్న పెళ్ళానిక్కూడా తెలీదట. పేరు నా నోట రాకూడదన్నాడు, రాదు." ఒదిరిలే కళ్ళు చిన్నవి చేసి పొద్దు వైపు చూశాడు. మీసం ఎందుకో అదురుతోంది. "వెళ్ళి టీ పెట్టు. మీ అమ్మ పంపిన పంచదార కాస్త ధారాళంగా వెయ్యి. ముగ్గురికి."

"ముగ్గురెవరు? ఉన్నది ఇద్దరమేగా."

"పెట్టవే తల్లీ. నోరు విప్పనని మాటిచ్చా గానీ, నీ కళ్ళకి గంతలు కడతానని మాటివ్వలేదు."

టీ పొంగుతుండగా ముళ్ళపొదల మీదుగా దుమ్ము లేచింది. తెల్లటి పెద్ద బండి ఇసకలో మూలుగుతూ వచ్చి దొడ్డి పక్కన ఆగింది. అందులోంచి దిగిన మనిషికి రబ్బరు బూట్లు, మోకాలి దగ్గర చిరిగిన ఓవరాలు, అంచులు విరిగిన గడ్డి టోపీ. భుజం మీద ఉప్పు బస్తా. పొయ్యి వైపు చూడనైనా చూడకుండా, ఆత్రంగా దొడ్లోకి నడిచి, చీలిన చెవుల కపిల ఆవు మెడ కావలించుకున్నాడు.

"నా బంగారు తల్లీ! వారం రోజులైందే నిన్ను చూసి! తిన్నావా? బెంగ పెట్టుకున్నావా? ఇదిగో, ఉప్పు తెచ్చా నీకు..."

ఆ గొంతు సెతున్యకి బాగా తెలుసు. ఆ గొంతే వారానికి అయిదు రోజులు ఆవుకి రోగమొస్తుందని చెబుతుంది.

ఆమె టీ కప్పు పట్టుకుని దొడ్డి గేటు దగ్గరికొచ్చింది. "టీ తీసుకోండి సార్" అంది.

లెకోకో గారు తిరిగి చూశాడు. టోపీ జారి కింద పడింది. నున్నటి గుండు సాయంత్రపు ఎండలో తళతళ మెరిసింది. ఉప్పు బస్తా భుజం మీంచి జారి పేడలో పడింది.

"సె... సెతున్యా! నువ్వా! నేను ఇలా... గోల్ఫ్ నుంచి..."

"బంతి ఇటొచ్చి పడిందా సార్?"

ఒదిరిలే గేటు మీద వాలి, ఈ వైభోగం చూడ్డానికే పుట్టినట్టు నిలబడ్డాడు. "ఈ పిల్ల నా మేనకోడలు లెకోకో గారూ. నేనేం చెప్పలేదు. దాని కళ్ళు దానివి."

సెతున్య కప్పు ఆయన చేతిలో పెట్టింది. సంచీలోంచి కాగితం తీసింది. పెన్ను మూత విప్పింది. కోపం లేదు. నవ్వూ లేదు. ఇక పోయేదేమీ లేనప్పుడు వచ్చే నిబ్బరం ఏదో వచ్చింది.

"మొదటి గడి, మొదటి ప్రశ్న సార్. మొహమాటపడకుండా అడగమన్నారు. మీకు మొత్తం ఎన్ని పశువులున్నాయి?"

ఒదిరిలే పగలబడి నవ్వబోయాడు. లెకోకో గారి మొహం చూసి ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఆ మొహంలో సిగ్గు లేదు. భయం ఉంది. నడివీధిలో పట్టుబడ్డ మనిషి భయం. 

"ఎన్ని అని అడుగు, చెబుతా" అన్నాడు లెకోకో గారు. "సోమవారం నీ కుర్చీ నీకే ఉంటుంది, అదీ రాసిస్తా. పథకంలో జనం కట్టిన సొమ్ము ఎక్కడుంది, ఇవి ఎవరివి అని మాత్రం అడగకమ్మా."

కపిల ఆవు ఉప్పు బస్తా నాకుతోంది. ఒదిరిలే గేటు మీద నుంచి లేచి నిటారుగా నిలబడ్డాడు. తన దొడ్లో ఉన్న ప్రతి చెవికీ ఒక పేరుందని, ప్రతి పేరూ తనకి తెలుసని మధ్యాహ్నం నుంచీ మేనకోడలికి చెబుతూ వచ్చిన మనిషి.

"లెకోకో గారూ" అన్నాడు. "ఇన్నేళ్ళూ నేను నీళ్ళు పెట్టింది ఎవరి పశువులకి?"